మూడేళ్లు దాటినా మాటలు రాలేదు, జెనెటిక్ టెస్ట్ రాశారు. ఇది వంశంలోంచి వచ్చేదేనా?

ఎదురుచూపు | సోమవారం, రాత్రి 11:20

నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడి పోస్టులు చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

మా బాబుకు మూడేళ్ల నాలుగు నెలలు. మేం చెప్పేదంతా అర్థమవుతుంది. "పక్క గదిలో మంచం మీద నీలం చొక్కా ఉంది, తీసుకురా" అంటే వెళ్లి అదే తెస్తాడు. కానీ నోటితో పలికే మాటలు లెక్కపెడితే ఎనిమిది. అవి కూడా రోజుకో రకంగా ఉంటాయి. నిన్న "బంతి" అని స్పష్టంగా అన్నాడు. ఇవాళ అదే బంతి చూపిస్తే "దా" అన్నాడు, తర్వాత "మ్మి" అన్నాడు. నోరు తెరిచి, పెదవులు ఎలా పెట్టాలో వెతుక్కుంటున్నట్టు కదిలించి, చివరికి చేత్తో చూపించి ఊరుకుంటాడు. వాడు అలా వెతుక్కుంటుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

పసిబిడ్డగా ఉన్నప్పుడు కూడా చాలా నిశ్శబ్దంగా ఉండేవాడు. "బాబాబా", "దాదాదా" అని ఆడుకున్నది దాదాపు లేదు. అప్పుడు మంచి బిడ్డ, అల్లరి లేదు అని మురిసిపోయాం.

వినికిడి బాగానే ఉందన్నారు. స్పీచ్ థెరపిస్ట్ అప్రాక్సియా అనుమానం అన్నారు. పిల్లల డాక్టర్ జన్యు పరీక్ష చేయిద్దాం అన్నారు. ఆ మాట ఇంట్లో చెప్పగానే ఇది ఎవరి వైపు నుంచి వచ్చిందన్న చర్చ మొదలైంది. మా ఆయన కూడా నాలుగేళ్ల దాకా సరిగ్గా మాట్లాడలేదట.

నిజంగా జన్యువుల వల్ల మాట రాకుండా ఉంటుందా? పరీక్ష చేయిస్తే మాకు ఏమైనా ఉపయోగం ఉందా? ఇంకో ప్రశ్న కూడా ఉంది, డాక్టర్‌ని అడగలేకపోయాను. కడుపుతో ఉన్నప్పుడు నేను చేసిన పని ఏదైనా దీనికి కారణమా?

పాతచెట్టు | మంగళవారం, ఉదయం 6:05

అమ్మా, ముందు ధైర్యంగా ఉండు. మా చిన్నవాడికి మూడున్నరేళ్ల దాకా "అమ్మ", "అత్త" తప్ప మాట లేదు. మేం పరీక్షల జోలికి పోలేదు. నాలుగో ఏట గలగలా మొదలుపెట్టాడు. ఇప్పుడు పదిమంది ముందు నిలబడి పాఠాలు చెబుతున్నాడు. మీ ఆయన కూడా ఆలస్యంగానే మాట్లాడాడంటున్నావు కదా, తండ్రి పోలిక వచ్చి ఉంటుంది. పసివాడి రక్తం తీయించి, రిపోర్ట్ కోసం నెలల తరబడి టెన్షన్ పడటం ఎందుకు? కొన్నాళ్లు ఓపిక పట్టి చూడండి.

స్వరమాల | మంగళవారం, మధ్యాహ్నం 1:40

పాతచెట్టు గారూ, మీ అబ్బాయి సంగతి చదివి సంతోషమనిపించింది. మీరన్నదాంట్లో నిజం ఉంది. రెండేళ్లకు మాటలు ఆలస్యమైన పిల్లల్లో సగానికి పైగా తర్వాత తోటివాళ్లను అందుకుంటారు. కానీ మిగిలిన వాళ్లూ ఉన్నారు. వాళ్లెవరో ముందే తెలియదు కాబట్టి "చూద్దాం" అన్న మాట నాకు భయం. ఇరవై ఏళ్లుగా స్పీచ్ థెరపీ చేస్తున్నాను. ఆరేళ్లు వచ్చాక పిల్లాణ్ని తీసుకొచ్చి "అందరూ వస్తాయన్నారండీ" అని ఏడ్చిన తల్లులను ఎంతమందిని చూశానో.

పైగా ఎదురుచూపు గారు రాసినవి మామూలు ఆలస్యం గుర్తులు కావు. పసితనంలో బాబాబాలు లేకపోవడం, ఒకే మాట ప్రతిసారీ వేరుగా పలకడం, నోటి ఆకారం కోసం వెతుక్కోవడం, అర్థమయ్యేదానికీ పలికేదానికీ మధ్య అంత దూరం ఉండటం, ఇవన్నీ కలిస్తే మేం అప్రాక్సియా వైపు చూస్తాం. నాలుకకు బలం లేక కాదు. ఏ శబ్దం తర్వాత ఏ శబ్దానికి నాలుక, పెదవులు, దవడ ఎలా కదలాలో మెదడు వేసుకునే ప్లాన్ దగ్గర చిక్కు ఉంటుంది. మనం "వాడికి నోరు తిరగడం లేదు" అంటామే, దానికి ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

మాట వేరు, భాష వేరు. ఇది చాలామంది కలిపేస్తారు. కొందరు పిల్లలు శబ్దాలు శుభ్రంగా పలుకుతారు, కానీ వాక్యం కట్టలేరు, కొత్త పదాలు గుర్తుండవు, పొడుగు ప్రశ్న అడిగితే తప్పిపోతారు. వేరే వైకల్యం ఏదీ లేకుండా ఇలా ఉంటే దాన్ని డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ అంటున్నారు, పొట్టిగా డీఎల్‌డీ. బడికి వచ్చే వయసులో ప్రతి వందమందిలో సుమారు ఏడుగురికి ఉంటుంది. అంటే ముప్పై మంది ఉన్న తరగతిలో ఇద్దరు. ఆటిజం కంటే ఎక్కువమందికి ఉన్నా దాని పేరు తెలిసినవాళ్లు తక్కువ. అప్రాక్సియా మాత్రం అరుదు.

రెండింటికీ జన్యువులతో సంబంధం ఉంది, కానీ ఒకే తీరుగా కాదు. ఆ వివరం జన్యుపాఠం గారు చెబితే బాగుంటుంది. నేను చెప్పగలిగిందొక్కటే. పరీక్ష చేయించినా మానేసినా, థెరపీ ఈ వారమే మొదలుపెట్టండి. రిపోర్ట్ వచ్చేదాకా ఆగకండి.

జన్యుపాఠం | మంగళవారం, రాత్రి 9:15

ముందు మీ మూడో ప్రశ్న. మీరు తిన్నదీ, తిరిగినదీ, ఏడ్చినదీ, పని చేసినదీ ఈ జన్యు మార్పులను తీసుకురావు. అండంలోనో వీర్యకణంలోనో డీఎన్‌ఏ నకలు తీసుకునేటప్పుడు ఒక అక్షరం మారుతుంది, లేదా ఒక ముక్క జారిపోతుంది. ప్రతి మనిషిలోనూ తల్లిదండ్రుల్లో లేని కొత్త మార్పులు కొన్ని పదులు ఉంటాయి. మీకూ ఉన్నాయి, నాకూ ఉన్నాయి. అవి ఎక్కడ పడతాయో ఎవరి చేతిలోనూ లేదు. దయచేసి ఆ బరువు దించేయండి.

ఇప్పుడు మొదటి ప్రశ్న. లండన్‌లో ఒక కుటుంబం ఉంది, పరిశోధనల్లో కేఈ కుటుంబం అంటారు. మూడు తరాల్లో సుమారు సగం మందికి, 15 మందికి, మీరు చెప్పినలాంటి ఇబ్బందే. అమ్మమ్మకు ఉంది, ఆమె పిల్లల్లో ఎక్కువమందికి ఉంది, మనవల్లో కొందరికి ఉంది, కొందరికి లేదు. 1990లో వైద్యులు దీన్ని ప్రచురించారు. ఒక జన్యువు ప్రతి తరంలోనూ సగం మందికి దిగుతున్న తీరు అది, నాణెం ఎగరేసినట్టు. 1998లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు అది ఏడో క్రోమోజోమ్‌లో ఒక ప్రాంతమని తేల్చారు. అక్కడ పదుల కొద్దీ జన్యువులున్నాయి, వాటిలో ఏదో తెలియదు. అప్పుడు ఆ కుటుంబంతో ఏ సంబంధమూ లేని ఇంకో పిల్లాడు వచ్చాడు. అవే లక్షణాలు. అతని ఐదో క్రోమోజోమ్, ఏడో క్రోమోజోమ్ ముక్కలు మార్చుకున్నాయి, సరిగ్గా ఆ ప్రాంతంలోనే ఒక జన్యువు తెగింది. కేఈ కుటుంబంలో అదే జన్యువును చదివితే ఒక్క అక్షరం మారి ఉంది. 715 అమైనో ఆమ్లాలున్న ప్రోటీన్‌లో 553వ స్థానంలో ఆర్జినైన్ ఉండాల్సిన చోట హిస్టిడిన్ వచ్చింది. 2001లో ఆ ఫలితం వెలువడింది. ఆ జన్యువే ఫాక్స్‌పీ2.

పత్రికలు దాన్ని "వ్యాకరణ జన్యువు", "భాషా జన్యువు" అని రాసేశాయి. అది తప్పు. ఎలుకలకూ ఉంది, పక్షులకూ ఉంది. జీబ్రా ఫించ్ అనే చిన్న పిట్టలో మెదడులో పాట నేర్చుకునే చోట దీని పని తగ్గిస్తే, ఆ పిట్ట పిల్ల పెద్దపక్షి పాటను తప్పుల తడకగా అనుకరిస్తుంది. ఫాక్స్‌పీ2 సొంతంగా మాట తయారు చేయదు. ఇతర జన్యువులను ఎప్పుడు పని చేయించాలో ఆపాలో చూసే మేస్త్రీ లాంటిది. కదలికలను వరసగా నేర్చుకునే మెదడు దారుల్లో దాని అవసరం ఎక్కువ.

అయితే అప్రాక్సియా ఉన్న పిల్లల్లో ఫాక్స్‌పీ2 దెబ్బతిన్నవాళ్లు చాలా కొద్దిమంది. 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో తీవ్రమైన మాట సమస్య ఉన్న 34 మంది పిల్లల జన్యువులు చదివితే 11 మందిలో కారణం దొరికింది. ఆ కారణాలు దాదాపు అన్నీ వేర్వేరు జన్యువుల్లో ఉన్నాయి. ఎక్కువ మార్పులు తల్లిలోనూ లేవు, తండ్రిలోనూ లేవు, బిడ్డతోనే కొత్తగా మొదలయ్యాయి. జన్యు కారణం వేరు, వంశం కారణం వేరు. ఎవరి వైపు నుంచి వచ్చిందని మీ ఇంట్లో అడుగుతున్నారే, చాలా సందర్భాల్లో జవాబు "ఎవరి వైపు నుంచీ కాదు".

డీఎల్‌డీ కథ వేరు. కవలలను పోల్చి చూశారు. ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికీ ఉండే అవకాశం, ఒకేలా లేని కవలల్లో కంటే బాగా ఎక్కువ. అంటే డీఎల్‌డీలో వారసత్వం గట్టిగానే ఉంది. కానీ అక్కడ ఒక జన్యువు పెద్దగా దెబ్బతినదు. వందల జన్యువులు ఒక్కోటి కొద్దికొద్దిగా తోస్తాయి. సీఎన్‌టీఎన్‌ఏపీ2 అనే జన్యువు గురించి 2008లో ఒక అధ్యయనం వచ్చింది. ఫాక్స్‌పీ2 అదుపు చేసే జన్యువుల్లో అదొకటి. అర్థం లేని కొత్త పదాన్ని విని తిరిగి చెప్పే శక్తితో దానికి సంబంధం కనిపించింది. ఇలా ఎన్నో జన్యువులు కలిసి తోస్తాయి కాబట్టే డీఎల్‌డీకి రక్తపరీక్ష అంటూ లేదు.

రెండక్షరాలు | బుధవారం, ఉదయం 7:30

ఎదురుచూపు గారూ, మీ పోస్ట్ చదివి మా పాప మూడేళ్ల నాటి రోజులు గుర్తొచ్చాయి. ఇప్పుడు తనకు ఎనిమిది.

మాది 16పీ11.2 డిలీషన్. పదహారో క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లేదు. చిన్నదంటే దాదాపు ఆరు లక్షల అక్షరాలు, పాతికకు పైగా జన్యువులు. మైక్రోఅర్రే అనే జన్యు పరీక్షలో బయటపడింది. రిపోర్ట్ చేతికి వచ్చిన రోజు ఆ అంకెలు చూసి మా ఇద్దరికీ అన్నం సహించలేదు. తర్వాత కౌన్సెలర్ ఒక గంట కూర్చోబెట్టి చెప్పారు. ఈ డిలీషన్ ఉన్న పిల్లల్లో అప్రాక్సియా చాలా తరచుగా ఉంటుందని, కొందరికి మూర్ఛలు వస్తాయి కాబట్టి గమనించాలని, పెరిగేకొద్దీ బరువు పెరిగే స్వభావం ఉంటుంది కాబట్టి తిండి, ఆట మీద ముందు నుంచే చూపు ఉండాలని. ఈ మూడోది మాకు నిజంగా పనికొచ్చింది. ఎవరూ చెప్పకపోతే ఆ సంగతి మాకు తట్టేదే కాదు.

నాకు పరీక్ష చేస్తే లేదు, నా భార్యకు చేస్తే లేదు. అప్పటిదాకా మా ఇంట్లో రెండు వైపుల వాళ్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు. ఆ రోజుతో ఆ మాట ఆగిపోయింది.

ఇప్పుడు పాప కొత్తవాళ్లతో మాట్లాడితే నాలుగింట మూడు మాటలు అర్థమవుతాయి. పొడుగు పదాల దగ్గర ఇంకా తడబడుతుంది. కానీ ఆగదు.

వినికిడి_అమ్మ | బుధవారం, ఉదయం 10:10

"వినికిడి బాగానే ఉందన్నారు" అని రాశారు. ఎలా చూశారండీ? వెనక నిలబడి చప్పట్లు కొట్టి, పిల్లాడు తిరిగి చూశాడని సరే అన్నారా, లేక శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో కొలిచే బేరా పరీక్ష చేశారా?

అడగడానికి కారణం ఉంది. మా అమ్మాయికి పుట్టగానే చేసిన స్క్రీనింగ్‌లో పాస్ అని ఇచ్చారు. రెండేళ్లకు మాటలు సాగకపోతే మళ్లీ పరీక్షించారు, రెండు చెవుల్లోనూ లోపం. జన్యు పరీక్షలో జీజేబీ2 అనే జన్యువులో లోపమని తేలింది. లోపలి చెవిలో కణాల మధ్య పొటాషియం దాటే దారులకు కావాల్సిన కనెక్సిన్ 26 అనే ప్రోటీన్ దాని నుంచి వస్తుంది. నాలో ఒక చెడ్డ ప్రతి, మా ఆయనలో ఒక చెడ్డ ప్రతి. మా ఇద్దరికీ చెవులు శుభ్రంగా వినపడతాయి. పాపకు రెండు చెడ్డ ప్రతులూ కలిశాయి. ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం అన్నారు. ఈ జన్యువు వల్ల వచ్చే లోపం ఎక్కువమందిలో పుట్టుకతోనే ఉంటుంది, కొందరు మాత్రం మా పాపలా మొదటి స్క్రీనింగ్ దాటేస్తారు.

వేరే వైద్యం ఏదైనా మొదలుపెట్టే ముందు చెవులు సరిగ్గా చూపించండి.

ఎదురుచూపు | బుధవారం, మధ్యాహ్నం 3:25

వినికిడి_అమ్మ గారూ, బేరా చేశారు. నిద్రపుచ్చి తలకు వైర్లు పెట్టి చేసిందే కదా. నార్మల్ వచ్చింది. అడిగినందుకు థాంక్స్.

జన్యుపాఠం గారూ, మీ మొదటి పేరా మా ఆయనకు చదివి వినిపించాను. నేను చదవలేకపోతే మిగతాది ఆయన చదివారు.

వేకువ | బుధవారం, రాత్రి 10:50

కొంచెం వేరే విషయం, కానీ ఈ చర్చలో ఉండాలి. మా బాబు మూడేళ్లకే చక్కగా మాట్లాడేవాడు. నాలుగున్నర ఏళ్లప్పుడు పిలిస్తే పలకడం తగ్గింది. చెవుడేమో అనుకున్నాం. తర్వాత మాటలే ఒక్కొక్కటిగా పోయాయి. పైకి మూర్ఛలేమీ కనిపించలేదు. ఒకచోట మొండితనం అన్నారు, ఇంకోచోట ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని అడిగారు. చివరికి ఒక డాక్టర్ రాత్రి నిద్రలో ఈఈజీ తీయించారు. నిద్రపోతే చాలు, మెదడులో విద్యుత్ తుఫానులా ఉంది. లాండౌ క్లెఫ్నర్ అనే అరుదైన జబ్బు అన్నారు. తర్వాత జన్యు పరీక్షలో గ్రిన్2ఏ అనే జన్యువులో మార్పు దొరికింది. మూర్ఛతో పాటు మాట పోయే ఈ జబ్బులకు ఆ జన్యువుతో సంబంధం ఉందని 2013లో తెలిసిందట.

మందులు మొదలుపెట్టాక మాటలు నెమ్మదిగా తిరిగొస్తున్నాయి, అన్నీ కాదు. నాలుగు నెలలు ముందే ఈఈజీ తీయించి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలదు. మాట రావడం ఆలస్యమైతే కొన్ని వారాలు చూడొచ్చేమో. వచ్చిన మాట పోతే ఒక్క రోజు కూడా ఆగకండి.

స్వరమాల | బుధవారం, రాత్రి 11:30

వేకువ గారూ, ఇది రాయడానికి మీకు ఎంత కష్టమైందో తెలుస్తోంది. మీ చివరి రెండు వాక్యాలు ప్రతి పిల్లల డాక్టర్ గోడ మీదా ఉండాలి. ఆడపిల్లల్లో రెట్ సిండ్రోమ్ కూడా ఇలాగే మోసం చేస్తుంది. మొదటి నెలలు మామూలుగా గడిచి, ఏడాది, ఏడాదిన్నర ప్రాంతంలో వచ్చిన మాటలు, చేతులతో చేసే పనులు జారిపోతాయి. దానికి కారణం ఎంఈసీపీ2 జన్యువని 1999లో తేలింది.

పాతచెట్టు | గురువారం, ఉదయం 5:55

నిన్నంతా ఇవన్నీ చదివాను. నేను తొందరపడి ఓపిక పట్టమన్నాను, వేకువ గారి పోస్ట్ తర్వాత ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా వాడి అదృష్టాన్ని అందరికీ సలహాగా ఇవ్వకూడదు.

అయినా ఒక్కటి అర్థం కాలేదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను. జన్యువును మార్చే మందు లేదు. ఏ జన్యువైనా చివరికి స్పీచ్ థెరపీయే చేయాలంటున్నారు. అలాంటప్పుడు పరీక్ష దేనికి?

జన్యుపాఠం | గురువారం, మధ్యాహ్నం 12:45

చాలా మంచి ప్రశ్న, కౌన్సెలింగ్‌కు వచ్చే ప్రతి కుటుంబం అడగాల్సింది.

మాట సమస్య ఒక్కోసారి పెద్ద ఇంటి కిటికీ మాత్రమే. 22క్యూ11.2 డిలీషన్ తీసుకోండి, అంటే ఇరవై రెండో క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లేకపోవడం. పిల్లాడు ముక్కుతో మాట్లాడతాడు, "ప", "బ" అనలేడు, గాలి ముక్కులోంచి పోతుంది. అంగిలి చీలిక పైకి కనిపించకుండా నోటి లోపలి పొర కింద దాగి ఉండొచ్చు. కొండనాలుక రెండుగా చీలినట్టుంటే అనుమానించాలి. ఆ పిల్లలకు గుండె లోపాలు ఉండొచ్చు, రక్తంలో కాల్షియం పడిపోవచ్చు, రోగనిరోధక శక్తి తక్కువ ఉండొచ్చు. మాట కోసం వచ్చిన కుటుంబానికి గుండె స్కాన్, కాల్షియం పరీక్ష రాయాలంటే ఆ పేరు తెలియాలి కదా. పైగా అక్కడ థెరపీ ఒక్కటే సరిపోదు, అంగిలికి ఆపరేషన్ కావాల్సి రావచ్చు. గాలి ముక్కులోంచి పోయే దారి తెరిచే ఉంటే, ఎన్నేళ్లు "ప ప ప" అనిపించినా పిల్లాడికి అలసట తప్ప ఫలితం ఉండదు.

గాలక్టోసీమియా అనే పుట్టుకతో వచ్చే జబ్బులో, పాలలోని చక్కెర నుంచి వచ్చే గాలక్టోస్‌ను శరీరం వాడుకోలేదు. పుట్టిన వారాల్లోనే కనిపెట్టి పాలు ఆపి ప్రాణం కాపాడినా, ఆ పిల్లల్లో చాలామందికి తర్వాత మాట సమస్య వస్తుంది. ఆ సంగతి ముందే తెలిస్తే మాటలు ఆలస్యం కాకముందే, ఏడాది లోపే పని మొదలుపెట్టొచ్చు.

ఫ్రాజైల్ ఎక్స్ అనే వారసత్వ జబ్బులో మాట, బుద్ధి ఎదుగుదల వెనకబడతాయి, అది ఒక్క బిడ్డతో ఆగదు. ఎఫ్‌ఎంఆర్1 జన్యువులో సీజీజీ అనే మూడక్షరాలు సాధారణంగా కొన్ని పదులసార్లు మళ్లీ మళ్లీ వస్తాయి. 200 దాటితే జన్యువు మూగబోతుంది. తల్లిలో 55 నుంచి 200 మధ్య ఉంటే బిడ్డకు దిగేటప్పుడు పెరిగిపోవచ్చు. ఆమె అక్కచెల్లెళ్లకు కూడా ఆ సమాచారం కావాలి.

నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే ఉదాహరణ ఒకటి చెబుతాను, దీనికి చికిత్సతో సంబంధం లేదు. ఏడో క్రోమోజోమ్‌లో 7క్యూ11.23 అనే ముక్క ఉంది. అది ఒకటి తక్కువైతే విలియమ్స్ సిండ్రోమ్. ఆ పిల్లలకు బొమ్మలు పేర్చడం, దారులు గుర్తుపట్టడం చాలా కష్టం, కానీ మాటలు మొదలయ్యాక మనుషులతో కలివిడిగా, ధారాళంగా మాట్లాడతారు. అదే ముక్క ఒకటి ఎక్కువైతే మాట బాగా ఆలస్యమవుతుంది, మనుషులంటే బెరుకు. ఆ కొద్దిపాటి జన్యువుల లెక్క అటూ ఇటూ అయితే చాలు.

అన్నిటికంటే మామూలుగా మిస్సయ్యేవి ఎక్స్, వై క్రోమోజోమ్ ఒకటి ఎక్కువ ఉన్నవి. ఎక్స్ఎక్స్‌వై అబ్బాయిలు, ఎక్స్ఎక్స్ఎక్స్ అమ్మాయిలు పైకి అందరిలాగే ఉంటారు, మాటలు, చదవడం మాత్రం కష్టపడతాయి. చాలామందికి జీవితాంతం పేరు తెలియదు.

అయితే పాతచెట్టు గారూ, మీ సందేహంలో సగం ఒప్పుకుంటాను. శబ్దాలు రెండు మూడు తప్పుగా పలికే పిల్లాడికి, వేరే ఇబ్బంది ఏదీ లేకపోతే, ఈ పరీక్షలు అక్కర్లేదు. ఎదుగుదలలో ఇంకేదైనా వెనకబాటు, మూర్ఛలు, గుండె లోపం, ముఖంలో తేడా, తల మరీ చిన్నదో పెద్దదో కావడం, తీవ్రమైన అప్రాక్సియా ఉంటే అప్పుడు చేయించాలి.

నెమ్మదిగా | గురువారం, సాయంత్రం 6:20

నేను తల్లినో తండ్రినో కాదు, నత్తి ఉన్న మనిషిని, వయసు 31. మా నాన్నకూ ఉంది. నత్తికి కూడా జన్యువులున్నాయా?

జన్యుపాఠం | గురువారం, సాయంత్రం 7:05

ఉన్నాయండీ. నత్తి కుటుంబాల్లో నడుస్తుందని కవలల అధ్యయనాలు కూడా చూపించాయి. 2010లో జీఎన్‌పీటీఏబీ, జీఎన్‌పీటీజీ, ఎన్‌ఏజీపీఏ అనే మూడు జన్యువుల్లో మార్పులు దొరికాయి. మూడూ కణంలో చెత్తను విరగ్గొట్టే లైసోజోమ్‌లకు ఎంజైములను చేర్చే పనిలో ఉన్నవే. మాటకూ దానికీ ఏం సంబంధమని అందరూ ఆశ్చర్యపోయారు. అవి కొద్దిమందిలోనే కారణం. భయం వల్ల, పెంపకం వల్ల నత్తి వస్తుందన్న నింద మాత్రం మీ మీదా, మీ నాన్నగారి మీదా పడకూడదు.

నెమ్మదిగా | గురువారం, సాయంత్రం 7:12

నాన్నకు చూపిస్తాను.

రెండక్షరాలు | శుక్రవారం, ఉదయం 8:00

ఎదురుచూపు గారూ, పరీక్షకు వెళ్లే ముందు ఇవి అడగండి, మేం అడగక దెబ్బతిన్నాం. మొదట మాకు కారియోటైప్ మాత్రమే చేశారు, "నార్మల్" అన్నారు. ఏడాది పోయింది. కారియోటైప్ అంటే మైక్రోస్కోప్‌లో క్రోమోజోములు లెక్కపెట్టడం, మా పాపకు పోయిన ముక్క దాని కంటికి ఆనదు. మైక్రోఅర్రే చిన్న ముక్కలను కూడా పట్టుకుంటుంది, కానీ ఒక్క అక్షరం మారితే చూడలేదు. దానికి ఎక్సోమ్ కావాలి, అంటే జన్యువుల్లో ప్రోటీన్ తయారుచేసే భాగాలను అక్షరం అక్షరం చదివే పరీక్ష. ఫ్రాజైల్ ఎక్స్‌ను ఈ రెండూ చూడవు, అది విడిగా రాయాలి. "నార్మల్" అన్న రిపోర్ట్ వస్తే "ఏ పరీక్షలో నార్మల్?" అని అడగండి. అమ్మానాన్నల శాంపిల్ కూడా కలిపి చేస్తే అర్థం చేసుకోవడం చాలా సులువవుతుంది.

స్వరమాల | శుక్రవారం, మధ్యాహ్నం 2:15

థెరపీ గురించి కూడా కాస్త. అప్రాక్సియాకు వారానికోసారి గంట కూర్చోబెట్టడం కంటే, చిన్న చిన్న సెషన్లు ఎక్కువసార్లు చేయడం మేలు. కదలిక నేర్పుతున్నాం కాబట్టి సైకిల్ నేర్పినట్టే, పదేపదే చేయాలి. నా ముఖం చూడు, నాతో కలిసి నెమ్మదిగా అను, అవసరమైతే దవడ, పెదవులు తాకి దారి చూపించడం, తర్వాత ఒక్కొక్కటిగా సాయం తగ్గించడం. ఎంచుకునే మాటలు పిల్లాడికి అవసరమైనవి కావాలి. ఐదారు చాలు, "వద్దు", "ఇంకా", "నాది" లాంటివి. ఊదే ఈలలు, నాలుక అటూ ఇటూ తిప్పే వ్యాయామాలు చేయిస్తుంటే ఎందుకని అడగండి, వాటితో మాట రాదు.

సైగలు, బొమ్మల బోర్డు, ట్యాబ్‌లో నొక్కితే మాట్లాడే యాప్ వాడండి. అవి అలవాటైతే నోటి మాట రాదని భయపెడతారు. అది నిజం కాదు. చెప్పాలనుకున్నది చెప్పగలిగితే పిల్లాడి కోపం తగ్గుతుంది, ప్రయత్నం పెరుగుతుంది. ఇంట్లో రెండు భాషలు మాట్లాడితే ఒకటి ఆపేయాల్సిన పని కూడా లేదు.

ఎదురుచూపు | ఆరు నెలల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:30

ఎంతమంది చూస్తారో తెలియదు, అయినా చెప్పాలనిపించింది.

మైక్రోఅర్రే నార్మల్. ఫ్రాజైల్ ఎక్స్ లేదు. ఎక్సోమ్ ముగ్గురికీ చేశారు. ఒక జన్యువులో ఒక అక్షరం మారిందట, రిపోర్ట్‌లో "ప్రాముఖ్యం తేలని మార్పు" అని రాశారు. అది మా ఆయనలో కూడా ఉంది. నాలుగేళ్ల దాకా మాట్లాడని మనిషి ఆయనే. కౌన్సెలర్ ఔననలేదు, కాదనలేదు. మళ్లీ ఇంట్లో పాత మాట లేస్తుందని భయపడ్డాను. ఆయనే అందరినీ కూర్చోబెట్టి, "నాలో ఉందంటే ఉంది, నేనేం తప్పు చేశాను? వాడేం తప్పు చేశాడు?" అన్నారు. ఎవరూ ఏమీ అనలేదు.

థెరపీ వారానికి మూడుసార్లు వెళ్తున్నాం, ఇంట్లో రోజుకు నాలుగైదు సార్లు పది నిమిషాల చొప్పున చేస్తున్నాం. ఇప్పుడు నలభై ఒక్క మాటలు. "వద్దు" మొదట వచ్చింది. రోజంతా అన్నిటికీ వద్దు అంటున్నాడు, మేం అడ్డు చెప్పడం లేదు.

ఆ తేలని మార్పుతో ఏం చేయాలో చెప్పగలరా?

జన్యుపాఠం | ఆదివారం, రాత్రి 8:40

నలభై ఒక్క మాటలకు ముందుగా నా నమస్కారం.

ఇలాంటి రిపోర్ట్‌ను రోగనిర్ధారణగా తీసుకోకూడదు, చించి పారేయకూడదు కూడా. మీ ఆయనలో ఉండటం రెండు రకాలుగా చదవొచ్చు. ఆయన ఇప్పుడు బాగా మాట్లాడుతున్నారు కాబట్టి అది హాని లేని మార్పు కావచ్చు. చిన్నప్పుడు ఆలస్యమైంది కాబట్టి ఒకే మార్పు ఇద్దరిలో వేరువేరు తీవ్రతతో కనిపిస్తుండవచ్చు. తేల్చడానికి ఒక దారి, కేఈ కుటుంబంలో చేసినదే. మీ ఆయన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లిదండ్రుల్లో మాట ఆలస్యమైనవాళ్లెవరో, కానివాళ్లెవరో రాసి, ఇష్టమున్నవాళ్లకు ఆ ఒక్క అక్షరం చూడటం. మార్పు ఉన్నవాళ్లందరికీ ఇబ్బంది ఉండి, లేనివాళ్లకు లేకపోతే అప్పుడు దానికి బరువు వస్తుంది. ఎవరినీ బలవంతం చేయకండి.

రెండోది, రిపోర్ట్ తేదీ రాసి పెట్టుకోండి. ఒకటి రెండేళ్ల తర్వాత అదే డేటాను మళ్లీ చదవమని ల్యాబ్‌ను అడగండి, చాలాసార్లు కొత్తగా రక్తం ఇవ్వాల్సిన పని ఉండదు. ఇలాంటి మార్పుల్లో కొన్ని ఏళ్లు గడిచాక హాని లేనివిగా తేలతాయి, కొన్ని కారణంగా తేలతాయి. అప్పటిదాకా దాని ఆధారంగా ఇంకో బిడ్డ గురించిన నిర్ణయం మాత్రం తీసుకోవద్దు.

స్వరమాల | ఆదివారం, రాత్రి 9:05

"వద్దు" ప్రతిసారీ ఒకేలా అంటున్నాడా, మారుతోందా? ఒకేలా అంటుంటే రెండు మాటలు కలపడం మొదలుపెట్టే సమయం వచ్చింది. "పాలు వద్దు", "నాకు వద్దు" తో మొదలుపెట్టండి.

ఎదురుచూపు | ఆదివారం, రాత్రి 9:20

ఒకేలా అంటున్నాడు మేడమ్. ఇప్పుడే "నిద్ర వద్దు" అనిపించి చూశాను. "నిద్ద" అని ఆగి, నా నోటి వైపు చూసి, "వద్దు" అన్నాడు.